తేలుకుంచి దగ్గర వీధి పిల్లులకు షెడ్డు వేద్దామనుకుంటున్నా, పిట్టలకు ముప్పు లేకుండా ఎలా?

సిక్కోలు పిల్ల:
మాది ఇచ్ఛాపురం వైపు. పక్కనున్న పాడుబడ్డ పెంకుటింట్లో పిల్లులు బాగా పెరిగిపోయాయి, అన్నం పెట్టేది నేనే, వానలొచ్చేలోగా ఒక షెడ్డు వేద్దామని ఉంది. కానీ తేలుకుంచి మాకు దగ్గరే. జూన్, జూలై వచ్చిందంటే ఓపెన్‌బిల్ కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి, గాలికి కూనలు కింద పడుతుంటాయి. మొన్న మా బూడిదరంగు పిల్లి గోరింక కూనను తెచ్చి గుమ్మంలో పడేసింది. రెక్కల ఈకలు ఇంకా విచ్చుకోనేలేదు, ఆ పూట నాకు అన్నం సహించలేదు. నాకు రెండూ కావాలి, ఏం చేయమంటారు?

టెక్కలి అన్న:
చెల్లెమ్మా, కడుపు నిండా పెడితే వేటాడవని మాత్రం అనుకోకు. కడుపు నిండిన పిల్లి కూడా కదిలేదాని మీద దూకుతుంది. ముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించు. ఆడపిల్లి అయిదారు నెలలకే ఎదకొస్తుంది, రెండు నెలలు మోసి ఈనేస్తుంది, ఆలస్యం చేసేకొద్దీ నీ చేతిలో ఉండదు. బోనులో చేప ముక్క పెట్టి పట్టి, పశువుల డాక్టరు దగ్గర ఆపరేషన్‌తో పాటు రేబిస్ టీకా కూడా వేయించు, గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. అయితే ఆపరేషన్‌తో సంఖ్య తగ్గుతుంది గానీ వేట ఆగదు, కాబట్టి షెడ్డు చుట్టూ, పైనా మెష్ కొట్టించి లోపలే ఉంచాలి. మనుషులకు అలవాటు పడని ముదురు పిల్లులు బందీగా ఉండలేవు, తిండి మానేస్తాయి. వాటికి ఆపరేషన్ చేయించి పట్టిన చోటే వదిలెయ్, గూళ్లున్న చెట్ల వైపు మాత్రం తిండి పెట్టొద్దు.

పొలంగట్టు:
ఇంకో మాట. చెరకు తోటలో కూనలు దొరికాయని ఎవరైనా తెచ్చిస్తే వెంటనే తీసుకోకండి. అవి అడవిపిల్లి కూనలు కావచ్చు, తల్లి వేటకు వెళ్లుంటుంది. అడవిపిల్లికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, దొరికిన చోటే వదిలేసి అటవీ శాఖవాళ్లకు చెప్పాలి. మన పిల్లుల జబ్బులు వాటికి అంటుకుంటాయి, రెండూ జతకట్టి సంకరం కూడా అవుతాయి.

సిక్కోలు పిల్ల:
పైన మెష్ సంగతి నాకు తట్టలేదు అన్నా. షెడ్డు ఉందని తెలిస్తే ఊరివాళ్లు రాత్రికి రాత్రి కూనల్ని వదిలేసి పోతారేమో, అదే టెన్షన్.

టెక్కలి అన్న:
పోతారు. అందుకే రోడ్డు వైపు వేయకు, పెరట్లో వెనగ్గా వెయ్. బోర్డు గట్రా పెట్టకు. కొంగలు దిగకముందే ఆడపిల్లుల ఆపరేషన్లు అయిపోవాలి, షెడ్డు ఆ తర్వాతయినా ఫర్వాలేదు.