అమ్మ వీసా ఫారం: "ఖర్చు ఎవరు భరిస్తారు" గడి దగ్గర ఆగిపోయాను

రాత్రిబండి:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండున్నర. అమ్మ నా దగ్గరికి వస్తోంది. ఫారం అంతా నింపాను కానీ "ప్రయాణం, నివాసం ఖర్చులు ఎవరు భరిస్తారు" అన్న గడి దగ్గర బుర్ర పనిచేయడం లేదు. దరఖాస్తుదారే అని టిక్ పెడదామంటే అమ్మకు జీతం లేదు, నాన్న పెన్షనే. స్పాన్సర్ అని పెడదామంటే నేనే స్టూడెంట్‌ని. ఈలోపు రెండుసార్లు సెషన్ పోయింది, మళ్లీ మొదటినుంచి కొట్టాను. ఒకడు ఇన్విటేషన్ లెటర్ చాలంటాడు, ఇంకొకడు స్పాన్సర్ లెటర్ లేకపోతే రిజెక్టే అంటాడు. ఏది పెట్టాలో ఒక్క ముక్కలో చెప్పండి ప్లీజ్.

క్లుప్తంగా:
ఏ దేశం?

పాతకాపు:
కంగారు పడకు బాబూ. మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చదివేటప్పుడు మేమిద్దరం రెండుసార్లు వెళ్లొచ్చాం. అక్కడి వీసా ఫారం డీఎస్-160లో ఖర్చు ఎవరిదని అడుగుతారు, ఉన్నదున్నట్టు రాయడమే. ఆహ్వాన పత్రం తప్పనిసరి కాదు. ఇంటర్వ్యూలో మీ అమ్మగారు తిరిగొచ్చేస్తారన్న నమ్మకం కలగాలి, అంతే. అసలు అందరూ బోల్తా పడేది వేరే చోట. పదేళ్ల వీసా వచ్చిందంటే ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లి ఎన్నాళ్లయినా ఉండొచ్చనుకుంటారు. వీసా అంటే గుమ్మం దాకా వెళ్లే అనుమతి మాత్రమే. లోపల ఎన్నాళ్లుండాలో అక్కడ దిగాక అధికారి నిర్ణయిస్తాడు, ఆ తేదీ ఐ-94 అనే ప్రవేశ రికార్డులో ఉంటుంది. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఈ తేడా తెలియక ఎంతమంది...

రాత్రిబండి:
అయ్యో, జర్మనీ అంకుల్. పైన రాశాననుకున్నాను. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా, మూడు నెలలు. సెప్టెంబర్ 25న నా థీసిస్ డిఫెన్స్, అప్పటికి అమ్మ ఉండాలి.

క్లుప్తంగా:
అయితే పైదంతా కొట్టేయండి.

పాతకాపు:
కొట్టేయడమెందుకండీ, సూత్రం ఎక్కడైనా ఒకటే.

మూడోసెమిస్టర్:
బ్రో, నిరుడు ఇదే గడి దగ్గర నేనూ ఏడ్చాను. నువ్వు కలిపేస్తున్నవి రెండు వేర్వేరు కాగితాలు. ఇన్విటేషన్ లెటర్ అంటే నువ్వు మామూలుగా రాసి సంతకం పెట్టేది: అమ్మ ఎప్పుడొస్తుంది, ఎక్కడుంటుంది, నువ్వేం చదువుతున్నావు. దానికి నీ పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్, యూనివర్సిటీ సర్టిఫికెట్ కాపీలు జతచేస్తావు. రెండోది ఫెర్‌ప్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్ (పలకడానికే ఒక సెమిస్టర్ పడుతుంది). మీ ఊరి విదేశీయుల ఆఫీసుకు వెళ్లి, 29 యూరోలు కట్టి, ఖర్చంతా నాదే అని చట్టబద్ధంగా పూచీ పడటం. దానికి నీ ఆదాయం చూస్తారు. బ్లాక్డ్ అకౌంట్ (నీ వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలకింత చొప్పున తీసుకునే ఖాతా) చూపిస్తే పని జరగదు, నెలకి వచ్చే ఆ 992 యూరోలు నీ తిండికీ అద్దెకీ లెక్కగట్టినవి. స్టూడెంట్లకి ఇది దొరకడం అరుదు.
మా అమ్మ విషయంలో "ఇతరులు" దగ్గర టిక్ పెట్టి నాన్న పేరు రాశాం. నాన్న బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పెన్షన్ కాగితాలు, పెళ్లి సర్టిఫికెట్ పెట్టాం. నాది ఉత్త ఇన్విటేషన్ లెటర్. వీసా వచ్చింది.

రాత్రిబండి:
అంటే స్పాన్సర్ లెటర్ అక్కర్లేదా?

మూడోసెమిస్టర్:
"స్పాన్సర్ లెటర్" అనే కాగితమే లేదని కదా ఇంతసేపూ చెప్పింది.

పాతకాపు:
ఉంది. మేం ఇచ్చాం.

మూడోసెమిస్టర్:
మీది అమెరికా అంకుల్.

మందులడబ్బా:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఇన్సూరెన్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు. షెంగెన్‌కి (జర్మనీతో సహా ఒకే వీసా నడిచే యూరప్ దేశాలు) కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉండాలి, అదీ ఉన్నన్ని రోజులకీ. అందరూ ఆ అంకె చూసి చౌకగా ఉన్నది కొనేస్తారు. అమ్మగారికి బీపీ, షుగర్ ఉన్నాయా? ముందునుంచీ ఉన్న జబ్బులకి చాలా పాలసీలు పైసా ఇవ్వవు, లేదా ప్రాణం మీదికొస్తేనే ఇస్తాయి. అది చదివి కొనండి. మందులు చేతి సంచిలోనే పెట్టించండి, చీటీ మీద మందు అసలు పేరు రాయించండి. బ్రాండ్ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. మా అత్తగారి పెట్టె రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, మందులన్నీ అందులోనే. ఆ రెండు రోజులూ మాకు నిద్ర లేదు.

క్లుప్తంగా:
హాస్టల్ గదిలో మూడు నెలలు గెస్ట్‌ని ఉండనిస్తారా? అడిగారా?

రాత్రిబండి:
అడగలేదు. రేపు అడుగుతాను. బీపీ ఉంది.

వేళ్లలెక్క:
మీరంతా డబ్బు గురించి కొట్టుకుంటున్నారు, తేదీలు ఎవరూ చూడలేదు. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా 92 రోజులు. షెంగెన్‌లో మూడు నెలలు అనే లెక్క లేదు, ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులే. దిగిన రోజు, బయల్దేరిన రోజు కూడా లెక్కలోకే వస్తాయి. అమ్మగారు ఈ మధ్య యూరప్ ఏమైనా వచ్చారా?

రాత్రిబండి:
అక్క నెదర్లాండ్స్‌లో ఉంటుంది. అమ్మ అక్కడికి మార్చి 20న వచ్చి ఏప్రిల్ 9న వెళ్లింది. అది వేరే దేశం కదా.

క్లుప్తంగా:
😐

వేళ్లలెక్క:
వేరే దేశమే, కానీ షెంగెన్ ఒకటే. ఆ 21 రోజులు కూడా కలుస్తాయి. జూలై 1న దిగితే మిగిలేది 69 రోజులు, సెప్టెంబర్ 7 కల్లా వెళ్లిపోవాలి. డిఫెన్స్‌కి ఉండరు.
కానీ జూలై 9న దిగితే పూర్తి 90 రోజులు ఉండొచ్చు. తమాషా కాదు, వెనక్కి 180 రోజులు లెక్కపెట్టి చూసుకోండి. సెప్టెంబర్ 16 నుంచి మార్చి రోజులు ఒక్కొక్కటే లెక్కలోంచి జారిపోతుంటాయి, ఇటు ఒక రోజు పెరిగితే అటు ఒకటి తగ్గుతుంది. అలా అక్టోబర్ 6 దాకా వస్తుంది. 8న దిగితే మాత్రం సెప్టెంబర్ 15న 91 అవుతుంది. ఒక్క రోజు తేడా. నేనైతే 11కో 12కో టికెట్ చూస్తాను, విమానం ముందు రోజుకి మారినా ఇబ్బంది ఉండదు.
ఇంకొకటి, వీసా స్టిక్కర్ మీద ఎన్ని రోజులు రాస్తే అన్నే. 90 అడిగినంత మాత్రాన 90 ఇవ్వాలని లేదు.

పాతకాపు:
చూశారా, వీసా వేరు, ఉండే గడువు వేరు. నేను మొదటే చెప్పాను.

మూడోసెమిస్టర్:
సరే అంకుల్ 🙏

మందులడబ్బా:
టికెట్ మార్చితే ఇన్సూరెన్స్ తేదీలు కూడా మార్చాలి, మర్చిపోకండి.

రాత్రిబండి:
జూలై 11కి మారుస్తున్నాను, నాన్న పేరే రాశాను. థాంక్స్ అందరికీ, ఇక పడుకుంటా.

క్లుప్తంగా:
ఆగండి. అమ్మగారు మార్చిలో ఏ వీసా మీద వచ్చారో అది మల్టిపుల్ ఎంట్రీనా (ఒకటికంటే ఎక్కువసార్లు వెళ్లొచ్చేదా)? గడువు, రోజులు ఇంకా మిగిలుంటే అసలు ఈ ఫారమే అక్కర్లేదేమో.

వేళ్లలెక్క:
అవును, అది అడగాల్సింది. @రాత్రిబండి?

మూడోసెమిస్టర్:
పడుకున్నట్టున్నాడు.