ఇంట్లో టీవీ రికార్డింగ్‌కి ఏ బాక్స్ మంచిది? రాయగడ, పర్లాకిమిడి వైపు వాళ్లు చెప్పండి

గుణుపురం కుర్రోడు:
అమ్మకి మధ్యాహ్నం సీరియల్స్ కావాలి, నాకు క్రికెట్ కావాలి, రెండూ మేం ఇంట్లో లేనప్పుడే వస్తాయి. కేబుల్ అతను ఒడియా ఛానెళ్లు బోలెడు ఇస్తాడు గానీ తెలుగువి అడిగితే నాలుగైదుతో సరిపెడతాడు, అందుకే డిష్ పెట్టించాం. ఇప్పుడు రికార్డింగ్ బాక్స్ చూస్తున్నా. లోపలే 500 జీబీ డిస్క్ ఉన్నది కొనాలా, యూఎస్‌బీ పోర్టు ఉన్న మామూలు హెచ్‌డీ బాక్సుకి బయట హార్డ్ డిస్క్ తగిలించాలా? షాపులో అడిగితే సీసీ కెమెరాల రికార్డర్ (డీవీఆర్) తీసి చూపిస్తున్నాడు!

పర్లాకిమిడి మావయ్య:
జీబీలు తర్వాత చూద్దువు గాని బాబూ, ముందు ట్యూనర్లు (బాక్స్‌లో ఛానెల్ పట్టే భాగాలు) ఎన్నో అడుగు. ఒక్కటే ఉంటే రికార్డింగ్ నడుస్తున్నంతసేపూ దాదాపు ఆ ఛానెలే చూడాలి, మీ ఇంట్లో గొడవే. రెండుంటే ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డు చేసుకోవచ్చు. అయితే మామూలుగా దానికి ట్విన్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ పట్టే ముక్క, రెండు వైర్లు తగిలేది) పెట్టి డాబా మీద నుంచి రెండు వైర్లు దించాలి. మా ఇంటికి వచ్చిన ఫిట్టింగ్ కుర్రాడు ఒక్క వైరే లాగి, పనైపోయింది డబ్బులియ్యండి అన్నాడు. మళ్లీ నిచ్చెన ఎక్కించాను.

రాయగడ టెక్:
మావయ్య చెప్పింది నిజమే. జీబీల లెక్క కూడా కష్టం కాదు. హెచ్‌డీ ఛానెల్ 8 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 8 మెగాబిట్లు) వస్తోందనుకో, గంటకి 3.6 జీబీ. 500 జీబీలో 130 గంటల పైచిలుకు పట్టాలి, కానీ లైవ్ పాజ్ (వస్తున్న ప్రోగ్రాంని మధ్యలో ఆపుకోవడం) కోసం బాక్స్ కొంత జాగా తనకే ఉంచుకుంటుంది కాబట్టి అంత రాదు. 2008లో టాటా స్కై ప్లస్ అనే రికార్డింగ్ బాక్స్ వచ్చినప్పుడు 160 జీబీకి 45 గంటలని చెప్పేవాళ్లు. సీరియల్ చూసి తుడిచేసే ఇంట్లో 500 చాలా ఎక్కువ.
ఇంకోటి, క్రికెట్‌కి టైమర్ పెడితే ముగింపు టైము ఓ గంట పొడిగించు. గైడ్‌లో ఉన్న టైముకి మ్యాచ్ ఎప్పుడైంది గనక? చివరి రెండు ఓవర్లు లేని రికార్డింగ్ ఎందుకు, చెప్పు.

జయపురం రాణి:
నేను వేరే సంగతి చెప్తాను. మా బాబు డాన్స్ చేసిన కార్యక్రమం టీవీలో వస్తే యూఎస్‌బీ డిస్క్‌లోకి రికార్డు చేసి దాచుకున్నాం. ఆ తర్వాత బాక్స్ పాడైంది, కంపెనీవాళ్లు మార్చి ఇచ్చారు. కొత్త బాక్స్‌కి పెడితే ఆ డిస్క్ తెరుచుకోదు, ఫార్మాట్ చేయమంటుంది. లాప్‌టాప్‌లో ఫైల్ కనిపిస్తుంది, ఆడదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రికార్డింగ్ ఆ బాక్స్‌కే లాక్ అయి ఉంటుందమ్మా అన్నారు, అదేదో కొనేటప్పుడే చెప్పొచ్చుగా! డిస్క్ లోపలున్నా బయటున్నా పే ఛానెళ్ల రికార్డింగ్ మన సొత్తు కాదని గుర్తుంచుకో తమ్ముడూ.

రాయగడ టెక్:
రాణి గారూ, ఎన్‌క్రిప్షన్ (రికార్డింగ్‌కి వేసే తాళం) వల్లే అది. కలకాలం దాచుకోవాలంటే నెలనెలా డబ్బు కట్టక్కర్లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ దారి వేరే ఉంది. పీవీఆర్ (రికార్డింగ్ సౌకర్యం) ఉన్న ఎంపెగ్4 (వీడియో ఫార్మాట్) ఫ్రీ టు ఎయిర్, అంటే ఉచిత ఛానెళ్ల బాక్స్ కొంటే సప్తగిరి, యాదగిరి, డీడీ ఒడియా లాంటివి లాక్ లేని ఫైల్‌గా పెన్‌డ్రైవ్‌లోకి వస్తాయి, లాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడతాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైల్ 4 జీబీ దాటదు. కొన్ని బాక్సులు ముక్కలు చేసి రాసుకుంటాయి, కొన్ని అక్కడికే ఆపేస్తాయి. రథయాత్ర లైవ్ పొద్దుటి నుంచి పెట్టేవాళ్లు ఇది చూసుకోవాలి. డిష్‌ని 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంలో ఉన్న జీశాట్‌15 ఉపగ్రహం వైపు తిప్పాలి.

నవరంగపూర్ చిన్నా:
ఇంత తంటా ఎందుకు బాసూ, అన్నీ యాప్‌లో ఉన్నాయిగా.

గుణుపురం కుర్రోడు:
చిన్నా, మా వీధిలో సిగ్నల్ కావాలంటే మేడ ఎక్కాలి. అమ్మని ఎక్కించమంటావా?

పర్లాకిమిడి మావయ్య:
హహ. కరెంటు సంగతి ఎవరూ అనలేదు. మనవైపు ఎండాకాలం మధ్యాహ్నం కోత ఉంటే టైమర్ పెట్టీ లాభం లేదు. టీవీ కాకపోయినా బాక్స్‌ని ఇన్వర్టర్ లైనుకి కలుపు, అది తాగే కరెంటు ఎంతని. వానకి మాత్రం మందు లేదు, డిష్‌కి వచ్చేది కేయూ బ్యాండ్ (వానకి తేలిగ్గా బలహీనపడే సిగ్నల్) కాబట్టి గట్టిగా కురిస్తే బొమ్మ పోతుంది, రికార్డింగ్‌లోనూ అక్కడ గండి పడుతుంది. డిష్ పెద్దదైతే, గురి సరిగ్గా ఉంటే కొంత నయం. డిస్క్ ఉన్న బాక్స్‌ని షోకేస్‌లో అద్దం వెనక పెట్టకు, లోపల డిస్క్ అస్తమానం తిరుగుతూ వేడెక్కుతుంది.

గుణుపురం కుర్రోడు:
సరే, రెండు ట్యూనర్లది, డిస్క్ లోపలే ఉన్నది తీసుకుంటా. పాత వైర్ ఒకటి గోడలో ఉంది, దాన్ని ఉంచేసి రెండోది మాత్రం కొత్తది లాగితే సరిపోతుందా?

రాయగడ టెక్:
పాతది ఆర్‌జీ6 (డిష్‌కి వాడే మందం వైరు) అయితే ఉంచేయ్, కేబుల్ టీవీ రోజుల సన్న వైరైతే రెండూ మార్చు. బయటి కనెక్టర్లకి టేపు గట్టిగా చుట్టించు, నీళ్లు దిగేది అక్కడే.