రామప్ప దారిలో చిన్న పర్యాటక వ్యాపారం: ప్రభుత్వ సాయం మా దాకా వచ్చే దారి ఏది?

ప్రశ్న (పాలంపేట దారి)

అందరికీ నమస్కారం. రామప్ప గుడికి వెళ్లే దారిలో మాకు ఒక చిన్న మెస్సు, అద్దెకు తిప్పే ఒక టెంపో ట్రావెలర్ ఉన్నాయి. 2021 జులైలో గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన తరువాత జనం రాక పెరిగిన మాట నిజమే గానీ, వచ్చిన వారిలో ఎక్కువ మంది హైదరాబాదులో తెల్లవారుజామున బయలుదేరి, పదకొండింటికల్లా ఇక్కడికి చేరి, గుడి చూసుకుని, మా దగ్గర భోంచేసి, లక్నవరం చెరువు దాకా వెళ్లి, చీకటి పడకముందే తిరుగుముఖం పడుతున్నారు. ఆదివారం నాడు వండింది చాలదు, మంగళవారం నాడు వండింది మిగిలిపోతుంది. ఇంటి వెనుక ఉన్న ఖాళీ జాగాలో నాలుగు గదులు కట్టి, రాత్రి బస చేసే వారిని నిలుపుకోవాలని, వీలైతే ఇంకొక బండి కొనాలని ఆలోచిస్తున్నాము.

పుణ్యక్షేత్రాల అభివృద్ధికి కేంద్రం నడిపే ప్రసాద్ పథకం కింద రామప్పకు సుమారు 62 కోట్లు వచ్చాయనీ, 2024 నవంబరులో రామప్ప ప్రాంత పర్యాటక వలయానికి 73.74 కోట్లు మంజూరయ్యాయనీ పత్రికల్లో చదివాము. అంతకుముందు కేంద్రం వారి పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద ములుగు, లక్నవరం, మేడారం, తాడ్వాయి, బొగత జలపాతాలను కలిపి గిరిజన వలయం అన్నారు. ఇన్ని కోట్లలో మా వంటి వారికి అందే పైకం ఏమైనా ఉన్నదా? ఒక మధ్యవర్తి మా ఇంటికి వచ్చి, సబ్సిడీ తానే ఇప్పిస్తాననీ, అందులో పదో వంతు ముందుగా చేతిలో పెట్టాలనీ అంటున్నాడు. ఈ దారులు తెలిసిన వారు చెప్పగలరని మనవి.

జవాబు 1 (పాత బ్యాంకు ఉద్యోగి)

ముందుగా ఆ మధ్యవర్తికి నమస్కారం పెట్టి పంపించేయండి. మీరు చెప్పిన పథకాల డబ్బు ఏదీ వ్యాపారుల ఖాతాల్లో పడేది కాదు కాబట్టి, అతడు ఇప్పించేది కూడా ఏమీ లేదు. ప్రసాద్, స్వదేశ్ దర్శన్ నిధులు సందర్శకుల కేంద్రాలు, బాటలు, దీపాలు, పార్కింగు వంటి పనులకు ప్రభుత్వ శాఖల ద్వారా ఖర్చవుతాయి. ఆ 73.74 కోట్లు కేంద్రం రాష్ట్రానికి 50 ఏళ్ల గడువుతో ఇచ్చే వడ్డీ లేని అప్పు. రాష్ట్రం ప్రకటించిన 2025-2030 పర్యాటక విధానంలో ప్రైవేటు పెట్టుబడులకు ప్రోత్సాహకాలు ఉన్నాయి గానీ, 15 వేల కోట్ల పెట్టుబడులు లక్ష్యంగా పెట్టుకున్న ఆ విధానం చూపు నాలుగు గదుల వారి కంటే రిసార్టుల వారి మీదనే ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం.

మీకు పనికివచ్చేవి పర్యాటకం పేరు లేని పథకాలు. మొదటిది ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం, అంటే అందరూ పీఎంఈజీపీ అనేది. సేవల రంగంలో 20 లక్షల వరకు ఖర్చయ్యే కొత్త యూనిట్‌కు మాత్రమే ఇది వర్తిస్తుంది. నడుస్తున్న మీ మెస్సుకు రాదు. గదుల పనిని వేరే కొత్త యూనిట్‌గా మీ శ్రీమతి గారి పేరున పెడితే, పల్లెల్లో మహిళలకు ఇచ్చే 35 శాతం సబ్సిడీకి దరఖాస్తు చేయవచ్చు. అయితే భార్యాభర్తల్లో ఒక్కరికే ఈ పథకం అందుతుంది. లెక్క చూడండి: ఖర్చు 20 లక్షలైతే మీరు పెట్టవలసింది లక్ష, బ్యాంకు ఇచ్చేది 19 లక్షలు, సబ్సిడీ 7 లక్షలు. ఆ 7 లక్షలు మీ చేతికి రావు. మీ పేరున బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటాయి, దానికి వడ్డీ రాదు, అంత మేరకు అప్పు మీద వడ్డీ కూడా పడదు, యూనిట్ నడుస్తున్నదని తనిఖీ చేసిన తరువాత అప్పులో జమ చేస్తారు. స్థలం ధరను ఖర్చులో చూపకూడదు. ఖర్చు 5 లక్షలు దాటితే దరఖాస్తుదారు ఎనిమిదో తరగతి ప్యాసై ఉండాలి. 2025-26 వరకు ఆమోదం ఉన్న పథకం ఇది కాబట్టి, దరఖాస్తు చేసే రోజున ఇంకా కొనసాగుతున్నదో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

రెండోది ముద్ర రుణం. ఇందులో సబ్సిడీ లేదు, తాకట్టు కూడా లేదు. కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు, తరుణ్ విభాగంలో 10 లక్షల వరకు, తరుణ్ అప్పు తీర్చినవారికి 20 లక్షల వరకు ఇస్తారు. సొంత ఇంట్లోనే అతిథులకు బస ఇచ్చే హోంస్టేలకు ముద్ర రుణాలు ఇస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రత్యేకంగా చెప్పారు. అద్దెకు తిప్పే బండికి కూడా ఈ దారే సులువు.

ఇక బ్యాంకు మేనేజరు అసలు చూసేది పథకం పేరు కాదు, మీ ఖాతా. నా దగ్గరికి వచ్చిన మెస్సుల వారిలో చాలామందికి కౌంటరు మీద అంటించిన క్యూఆర్ కోడ్ బావమరిది ఖాతాది, కిరాణా బిల్లు భార్య పేరున, బండి మరొకరి పేరున ఉండేవి. రోజుకు వందమంది తిన్నా కాగితం మీద ఆ వ్యాపారం కనిపించేది కాదు. కనీసం ఆరు నెలల రాబడి ఒకే కరెంటు ఖాతాలోకి వచ్చేలా చూసుకోండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యం నమోదు ఆధార్, పాన్‌తో ఉచితంగా అవుతుంది. దానికి ఎవరికీ రూపాయి ఇవ్వకండి.

జవాబు 2 (ఖిలా వరంగల్ వాసి)

పై వారు డబ్బు సంగతి చక్కగా వివరించారు గానీ, నేల సంగతి దానికంటే ముందు చూడవలసినది. రామప్ప గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత హద్దు నుండి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషిద్ధం. ఆ తరువాతి 200 మీటర్లలో జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ అనుమతి లేనిదే కట్టకూడదు. ఈ దూరాన్ని గుడి గోడ నుండి కాదు, రక్షిత స్థలం హద్దు నుండి కొలుస్తారు. కోట చుట్టూ ఉండే మేము ఈ నిబంధనతోనే బతుకుతున్నాము. మా వీధిలో ఒకరు పిల్లర్లు లేపిన తరువాత నోటీసు అందుకుని, ఆ ఇనుప చువ్వలు తుప్పు పట్టేదాకా చూస్తూ కూర్చున్నారు. అనుమతి లేని కట్టడానికి బ్యాంకు కూడా అప్పు ఇవ్వదు.

నాకు మరొక అనుమానం కూడా ఉన్నది. మంగళవారం మిగిలిపోయే అన్నానికి నాలుగు గదులు జవాబవుతాయా? రాత్రి ఉండేవారు కూడా శని, ఆదివారాల్లోనే వస్తారు. నేనైతే తక్కువ అప్పుతో ముందు ఆడవారికి వేరుగా రెండు శుభ్రమైన మరుగుదొడ్లు, స్నానాల గది, నీడనిచ్చే రేకుల షెడ్డు వేస్తాను. బస్సు దిగినవారు మొట్టమొదట అడిగేది అన్నం కాదు. ఆ సౌకర్యం ఉన్నదని తెలిస్తే, స్కూలు పిల్లల యాత్రలు, కాలేజీ బస్సులు పనిదినాల్లో వస్తాయి.

జవాబు 3 (తాడ్వాయి అడవి)

మాది ఏజెన్సీ ఊరు, అంటే గిరిజన ప్రాంతం. గిరిజన కుటుంబాలకు అప్పు కాని సాయం ఒకటి ఉన్నది గనుక, ఇది చదివే మా వైపు వారి కోసం రాస్తున్నాను. 2024 అక్టోబరులో మొదలైన ధర్తీ ఆబా గిరిజన గ్రామాల పథకంలో దేశం మొత్తం మీద 1000 గిరిజన హోంస్టేలు పెట్టాలని నిర్ణయించారు. ఒక్కో కుటుంబానికి కొత్తగా రెండు గదులు కట్టుకోవడానికి 5 లక్షల వరకు, ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి 3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షల వరకు సాయం ఉంటుంది. ఒంటరి ఇల్లు కాక ఊరిగా ముందుకు వస్తేనే ఇది కుదురుతుంది కాబట్టి, గ్రామసభలో మాట్లాడుకుని, ఏటూరునాగారంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో అడగడం మంచిది.

ప్రశ్న వేసిన వారికి ఒక మాట. గదులకు జాగా చవకగా దొరుకుతుందని మా వైపు చూడకండి. గిరిజన ప్రాంతాల భూములను కాపాడే 1/70 చట్టం ఉన్నచోట గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు, ఎవరి పేరునో పెట్టి కట్టిన రిసార్టు ఎప్పుడైనా చేజారిపోతుంది. మా ఊళ్ల ఇళ్లతో మాట్లాడుకుని మీ బండిలో మనుషులను తీసుకువస్తే, భోజనం మీది, బస మాది అవుతుంది. మేడారం జాతర రెండేళ్లకు ఒకసారే గనుక, ఆ నాలుగు రోజుల రాబడిని చూసి కిస్తీలు లెక్కవేసుకుంటే మునిగిపోతారు.

ప్రశ్న వేసిన వారి మాట

అందరికీ కృతజ్ఞతలు. మా జాగా హద్దు నుండి ఎంత దూరమో ఇప్పటిదాకా ఎవరూ కొలవలేదు; సర్వేయరు చేత కొలిపిస్తాము. ఖిలా వరంగల్ వారు చెప్పినట్లు మరుగుదొడ్లు, షెడ్డు ముందు వేసి, గదులను తరువాతకు పెట్టాలని ఇంట్లో అనుకున్నాము. క్యూఆర్ కోడ్ మా తమ్ముడి ఖాతాదే అన్నది కూడా నిజం. మరుగుదొడ్ల పనికి ముద్ర తీసుకుంటే, తరువాత మా ఆవిడ పేరున పీఎంఈజీపీ అడగడానికి అడ్డు వస్తుందా? హోంస్టే నమోదు ఎప్పుడు చేయించాలి?

జవాబు 1 (పాత బ్యాంకు ఉద్యోగి)

మెస్సుకు మీ పేరున తీసుకునే ముద్ర అప్పు సబ్సిడీ లేనిది కాబట్టి, ఆమె పేరున వేరే చోట, వేరే పనికి పెట్టే కొత్త యూనిట్‌కు అది అడ్డు కాకూడదు. కానీ మెస్సు గదినే కొత్త యూనిట్‌గా చూపాలని మాత్రం చూడకండి, తనిఖీలో తేలిపోతుంది. కిస్తీలు సక్రమంగా కట్టిన ముద్ర ఖాతా రెండో దరఖాస్తుకు మంచి సాక్ష్యమే అవుతుంది.

కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే గుర్తింపు, యజమాని అదే ఇంట్లో నివసిస్తూ ఒకటి నుండి ఆరు గదుల వరకు అతిథులకు ఇచ్చేవారికి వర్తిస్తుంది. గదులు పూర్తయ్యాక దానికి దరఖాస్తు చేయండి, నిర్లక్ష్యం చేయకండి. కరోనా దెబ్బ తరువాత 2021లో కేంద్రం పర్యాటక సంస్థలకు 10 లక్షల వరకు, గైడ్లకు లక్ష వరకు పూర్తి పూచీతో రుణాలు ఇచ్చినప్పుడు, అవి అందినది ప్రభుత్వ గుర్తింపు పొందినవారికే. మన వైపు బండ్లు తిప్పేవారిలో, గుడి చూపించేవారిలో ఆ గుర్తింపు లేనివారే ఎక్కువ.

పీఎంఈజీపీ దరఖాస్తుకు ముందే గదులకు పునాది తవ్వితే, అది కొత్త యూనిట్ కాదని తిరస్కరించే వీలున్నది. కొలత, అనుమతి, దరఖాస్తు, మంజూరు పత్రం ఈ వరుసలోనే చేతికి రానివ్వండి. ఆ తరువాతనే మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వండి.