చీఫ్ సెలెక్టర్‌గా శ్రీకాంత్‌కి ఎన్ని మార్కులు?

కవర్‌డ్రైవ్_రాజు: కృష్ణమాచారి శ్రీకాంత్ 2008 నుంచి 2012 దాకా చీఫ్ సెలెక్టర్. 2011 ప్రపంచకప్ గెలిచిన జట్టుని ఎంచింది ఆయన కమిటీయే. కెప్టెన్‌గా కన్నా సెలెక్టర్‌గానే దేశానికి ఎక్కువ చేశాడని నా నమ్మకం.

శీను_నెల్లూరు: ఆ కప్పుకి రోహిత్ శర్మని పక్కనపెట్టి స్పిన్నర్ పీయూష్ చావ్లాని తీసుకున్నారు. ముందు దానికి జవాబు చెప్పండి.

కవర్‌డ్రైవ్_రాజు: అశ్విన్‌ని తీసుకున్నదీ వాళ్లే. అది చెప్పరేం?

శీను_నెల్లూరు: నేనడిగింది చావ్లా గురించి. క్వార్టర్ ఫైనల్ నుంచి ఒక్క మ్యాచ్‌లోనూ ఆడించలేదు. మరి ఆ చోటు ఎందుకు వృథా చేసినట్టు?

ఈస్ట్‌స్టాండ్: కప్పు వచ్చింది కదా, ఇంకా చావ్లా ఏంటండీ.

మిడాఫ్_మూర్తి: ఆ తర్వాత ఇంగ్లండ్‌లో 0-4, ఆస్ట్రేలియాలో 0-4. విదేశాల్లో వరసగా ఎనిమిది టెస్టులు ఓడాం. అవి ఎవరి ఖాతాలో వేద్దాం?

కవర్‌డ్రైవ్_రాజు: ధోనీని కెప్టెన్సీ నుంచి తప్పిద్దామంటే బోర్డు అధ్యక్షుడు ఒప్పుకోలేదని ఆ కమిటీలోనే ఉన్న మొహిందర్ అమర్‌నాథ్ తర్వాత బయటపెట్టాడు. సెలెక్టర్లు మాత్రం ఏం చేస్తారు?

శీను_నెల్లూరు: సెలెక్టర్లు ఏం చేస్తారో నాకు తెలుసు. మావాడు జిల్లా అండర్-16 సెలెక్షన్స్‌కి వెళ్లాడు. పొద్దున ఆరింటి నుంచి ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే సాయంత్రం నాలుగింటికి ఆరంటే ఆరు బంతులు ఆడించారు. లిస్టులో పేరు లేదు. ఎందుకు లేదో చెప్పే నాథుడు లేడు. ఆ రోజు అటకెక్కిన కిట్‌బ్యాగ్ ఇంకా దిగలేదు.

కవర్‌డ్రైవ్_రాజు: బాధగానే ఉంది. కానీ ఆ కోపం మన చీకా, అదే శ్రీకాంత్ మీద చూపిస్తే ఎలా? దానికీ దీనికీ సంబంధమే లేదు.

శీను_నెల్లూరు: సంబంధం లేదా? మీ ఇంట్లో జరిగితే తెలిసేది! 1989లో పాకిస్తాన్ వెళ్లి నాలుగు టెస్టులూ డ్రా చేసుకొచ్చిన కెప్టెన్ ఆయన. సచిన్ తొలి సిరీస్ అదే. న్యూజిలాండ్ టూర్ వచ్చేసరికి కెప్టెన్సీ అజహరుద్దీన్‌కి వెళ్లింది, ఈయనకి జట్టులోనే చోటు లేదు. అంత దెబ్బ తిన్న మనిషి సెలెక్టరైతే, పక్కనపెట్టిన ప్రతివాడికీ కారణం చెప్పాలన్న రూలు తెస్తాడనుకున్నా. తేలేదు. నా గొడవ అదీ. రోహిత్ కాదు, చావ్లా కాదు.

కవర్‌డ్రైవ్_రాజు: ఇప్పుడు అసలు మాట అన్నారు. దానికి నేను ఒప్పుకోను. ఆ సిరీస్‌లో ఆయన బ్యాట్ ఆడలేదు, తీసేశారు. సెలెక్టర్ చూడాల్సింది ఆట. కారణాలు చెప్పడం మొదలుపెడితే ప్రతిదానికీ వాదన, సిఫార్సు. వచ్చినవాళ్లందరికీ సంజాయిషీ ఇస్తూ కూర్చుంటే జట్టు ఎప్పుడు ఎంచుతారు?

శీను_నెల్లూరు: ఆ రోజు గ్రౌండ్‌కి వచ్చింది నలభై మంది పిల్లలు రాజుగారూ. నలభై మందే.