అప్‌డేట్: కంది చెట్లు ఎండుడు, పాలెం కేవీకేల ఏం తేలింది

పూతకొచ్చిన కంది అక్కడక్కడ గుంపులు గుంపులుగ ఎండుతుంది, ఏం చెయ్యాలె, ట్రైనింగ్ ఎక్కడిస్తరు అని పోయిన నెల అడిగిన కదా, జవాబిచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం కృషి విజ్ఞాన కేంద్రానికి (కేవీకే) పొమ్మన్నదే పనికొచ్చింది. వేర్లతోటి పీకిన రెండు చెట్లు పట్టుకపోయిన, సారు కాండం నిలువునా చీల్చి లోపలి నల్లచారలు చూపిచ్చి ఎండు తెగులు, ఫ్యూజేరియం అనే శిలీంధ్రంతోటి వస్తది అన్నడు. అది భూమిలనే ఏండ్ల తరబడి ఉంటదట, ఏటా అదే చెల్కల కంది పెట్టుడే మా తప్పు.

మొదలు అనుకున్న చెదలు, ఎక్కువ తడి, యూరియా ఇవేవీ దీనికి సంబంధం లేనివే, చెదల మందుకు పెట్టిన పైసలు పోయినయి. ఎండినయి మళ్ల బతకవు.

ట్రైనింగ్‌ల కూడ కూసున్న, ఫీజు తీసుకోలే, చదువు అడగలే. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిల 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు చేసే శిలీంధ్రం) కలిపి, నీళ్లు చల్లి, నీడకు వారం పదిరోజులు మాగబెట్టి ఎకరం దుక్కిల తడి ఉన్నప్పుడు చల్లాలె, మాతోనే చేయిచ్చిన్రు, ఆ ట్రైకోడెర్మా పెరిగి తెల్లగ బూజు పట్టంగ చూస్తే మస్తు ధైర్యమొచ్చింది. వచ్చే వానాకాలం ఆ చెల్కల జొన్న, కంది వేరే చెల్కల, అదీ తెగులు తట్టుకునే ఆశ రకం (ఐసీపీఎల్ 87119).