ఏప్రిల్‌లో ఆల్ప్స్ దాటడానికి వింటర్ టైర్లకు అదనంగా కట్టాలా?

దారిబత్తెం:
ఏప్రిల్ మొదటి వారంలో మ్యూనిక్‌లో కారు అద్దెకు తీసుకుని, ఇన్స్‌బ్రుక్ మీదుగా బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీలోని బోల్జానో వెళ్తున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. బుకింగ్‌లో వింటర్ టైర్లకు (చలిలో, మంచు రోడ్ల మీద పట్టు కోసం వేసేవి) విడిగా రోజుకింత అని ఫీజు చూపిస్తోంది. జర్మనీలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అనే రూలే లేదని చదివాను. వాతావరణ సూచన చూస్తే అంతా ఎండే. ఇది నిజంగా అవసరమా, లేక టైర్ల పేరుతో గుంజుడా?

చక్రధారి:
గుంజుడేనండీ. జర్మనీ చట్టం ఏమంటుంది? రోడ్డు మీద మంచు, బురదమంచు, గడ్డకట్టిన నీరు ఉంటేనే వింటర్ టైర్లు కావాలంటుంది. పొడి రోడ్డు మీద జనవరిలో సమ్మర్ టైర్లతో తిరిగినా ఎవరూ ఫైన్ వేయరు. ఆస్ట్రియాలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా అని తేదీలున్నా, అక్కడ కూడా రోడ్డు మీద మంచు ఉంటేనే రూల్ వర్తిస్తుంది. పైగా అది మోటార్‌వే. రాత్రంతా ఉప్పు చల్లుతారు, మంచు తోస్తారు. డిక్కీలో టైర్లకు చుట్టే మంచు చైన్లు పడేసుకుంటే చాలు. ఆ డబ్బుతో పిల్లలకు ఏదైనా కొనిపెట్టండి.

మంచుదారి:
చక్రధారి గారు రూల్ సరిగ్గానే చెప్పారు. దాన్నుంచి తేల్చింది మాత్రం తప్పు. మంచు పడితేనే రూల్ అంటే, మంచు పడిన ఆ నిమిషం నుంచి మీ బండి రోడ్డు మీద ఉండకూడదని. అప్పటికి మీరు కొండెక్కే మోటార్‌వే మధ్యలో ఉంటే ఏం చేస్తారు? దగ్గర్లో సర్వీస్ ఏరియా దొరికితే అదృష్టం. అక్కడైనా రోడ్డు తేలేదాకా పిల్లలతో కూర్చోవాల్సిందే.

ఎండ ఏ ఊరి సూచనో చూశారా? మ్యూనిక్ సముద్ర మట్టానికి సుమారు 520 మీటర్ల ఎత్తు. బ్రెన్నర్ 1,370 దాకా ఉంటుంది. కిలోమీటరు ఎత్తుకు దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుందని లెక్కేసుకుంటే, కింద 5 డిగ్రీల్లో వాన పడుతుంటే పైన సున్నా దగ్గర మంచు పడుతుంది. ఏప్రిల్ మొదటి వారంలో ఇది మామూలే. చూడాల్సింది మ్యూనిక్ సూచన కాదు, కనుమ సూచన.

నల్లరబ్బరు:
చైన్ల దగ్గర ఒక మెలిక ఉంది. ఆస్ట్రియాలో వింటర్ టైర్లకు బదులు చైన్లు చెల్లుతాయి గానీ, రోడ్డంతా లేదా దాదాపు అంతా మంచుతో కప్పి ఉంటేనే. వసంతంలో కొండల మీద దొరికేది సగం కరిగిన బురదమంచు, మధ్యమధ్యలో తేలిన తారు. అక్కడ చైన్లు వేయలేరు, సమ్మర్ టైర్లతో నడపనూ లేరు. ఇటలీ వైపు ఏ22 మోటార్‌వే మీద నవంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా వింటర్ టైర్లు ఉండాలి, లేదంటే చైన్లు బండిలో ఉండాలి. అంటే ఒకే ప్రయాణంలో అవే చైన్లు ఇటలీలో పనికొస్తాయి, ఆస్ట్రియాలో రోడ్డును బట్టి పనికిరాకపోవచ్చు.

ఇక టైరు పక్కగోడ మీది గుర్తులు. ఎం ప్లస్ ఎస్ (మడ్ ప్లస్ స్నో, అంటే బురద, మంచు) అన్నది తయారీదారు తనంతట తాను వేసుకునేది, దానికి మంచు పరీక్ష అక్కర్లేదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు మాత్రం మంచు మీద పరీక్షించాకే వస్తుంది. జర్మనీలో 2024 అక్టోబర్ 1 నుంచి ఈ రెండోది ఉంటేనే లెక్క. ఆస్ట్రియాలో ఎం ప్లస్ ఎస్ ఇంకా చెల్లుతుంది, కానీ ట్రెడ్ లోతు, అంటే టైరు గాడి లోతు, 4 మిల్లీమీటర్లు ఉండాలి. జర్మనీలో చట్టప్రకారం 1.6 చాలు. కాబట్టి కొండ గుర్తు ఉండి, అరిగి 3 మిల్లీమీటర్లకు వచ్చిన టైరు మ్యూనిక్‌లో వింటర్ టైరే, సరిహద్దు దాటగానే సమ్మర్ టైరు కింద లెక్క!

కౌంటర్ దగ్గర తాళం అందుకోగానే సంతకం పెట్టేయకండి. 2 యూరోల నాణెం గాడిలో నిలబెట్టండి. దాని వెండిరంగు అంచు వెడల్పు 4 మిల్లీమీటర్లు. ఆ అంచు గాడిలో పూర్తిగా మునిగితే సరే, పైకి కనిపిస్తే వేరే కారు అడగండి. నాలుగు టైర్లకూ చూడాలి.

గాలివాన:
ఇంత టెన్షన్ ఎందుకు బ్రో, ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ తీసుకుంటే పోదా?

మంచుదారి:
బండి కదలడానికి ఫోర్ వీల్ డ్రైవ్ సాయం చేస్తుంది. ఆగడానికి చేయదు. బ్రేక్ ఏ బండికైనా నాలుగు చక్రాలకూ పడుతుంది, ఆపేది రబ్బరే. సమ్మర్ టైరు రబ్బరు చలికి బిగుసుకుపోతుంది. వింటర్ టైరుది మెత్తగా ఉంటుంది, దాని సన్నటి చీలికలు మంచును పట్టుకుంటాయి. ఎస్‌యూవీతో కొండ హాయిగా ఎక్కేస్తారు, తంటా అంతా దిగేటప్పుడే.

చక్రధారి:
సరే, కావాలనే అనుకుందాం. అయితే ఆ ఫీజు మన నెత్తిన ఎందుకు? చట్టానికి తగ్గ బండి ఇవ్వడం అద్దెకిచ్చేవాడి బాధ్యత కాదా? బ్రేకులకు విడిగా రోజువారీ ఫీజు వేస్తే ఊరుకుంటామా? కెనడాలో క్యూబెక్ చూడండి. డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా అక్కడ రిజిస్టరైన కార్లకు వింటర్ టైర్లు తప్పనిసరి, అద్దె కార్లు కూడా అందులోకే వస్తాయి. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. తేదీ పెడితే ఈ గొడవే ఉండదు.

నల్లరబ్బరు:
ఫీజు విషయంలో మీతో ఏకీభవిస్తా. నిజానికి జర్మనీ చట్టం యజమానినీ వదల్లేదు. మంచులో తప్పు టైర్లతో నడిపినవాడికి 60 యూరోల ఫైన్, లైసెన్స్ మీద ఒక పెనాల్టీ పాయింట్. ఆ బండిని అలా రోడ్డెక్కనిచ్చిన యజమానికి 75. అయినా బుక్ చేసేటప్పుడు ఆ టిక్ తీసేసింది మనమే అయితే వాదించడానికి ఏం మిగులుతుంది?

తేదీల మాట మాత్రం ఒప్పుకోను. క్యూబెక్‌లో మార్చి 15 తర్వాత మంచు పడదా? పడుతుంది, అప్పటికి కొందరు టైర్లు మార్చేసి ఉంటారు. అదే దేశంలో బ్రిటిష్ కొలంబియా చాలా కొండదారుల మీద అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా రూల్ పెట్టింది. స్విట్జర్లాండ్‌లో వింటర్ టైర్ల రూలే లేదు. కానీ మంచులో సమ్మర్ టైర్లతో గుద్దితే ఇన్సూరెన్స్‌వాళ్లు డబ్బు కోస్తారు, తప్పూ మీ మీదే పడుతుంది. రూల్ లేనిచోటే ఖర్చు ఎక్కువ కావచ్చు.

దారిబత్తెం:
చైన్ల ఆశ వదిలేశా. కొండ గుర్తున్న ఆల్ సీజన్ టైర్లు (ఏడాది పొడవునా వాడేవి) సరిపోతాయా? బుకింగ్‌లో ఏమని రాయించుకోవాలి?

నల్లరబ్బరు:
చాలు. ఆ గుర్తుంటే చట్టం దృష్టిలో అవీ వింటర్ టైర్లే. కనుమ మీద గట్టిగా మంచు కురుస్తుంటే మాత్రం అసలు వింటర్ టైర్లదే పైచేయి. మెయిల్‌లో రెండు ముక్కలు రాయండి: కారు ఆస్ట్రియాకూ ఇటలీకీ వెళ్తుందని, కొండ గుర్తుతో పాటు 4 మిల్లీమీటర్ల ట్రెడ్ ఉన్న టైర్లు కావాలని. సరిహద్దు దాటడానికి అనుమతి ఉందో లేదో కూడా అదే మెయిల్‌లో అడగండి. జవాబు ప్రింట్ తీసుకుని వెళ్లండి, కౌంటర్‌లో ఉండే మనిషికి ఆ మెయిల్ సంగతి తెలియకపోవచ్చు.

చక్రధారి:
కట్టండి, కాదనను. కానీ ఆ ఫీజు టైర్లకే వేశారో, బేరం కుదిరాక బిల్లులో ఇంకేదైనా కలిపారో చూసుకోండి.