అమ్మాయి ప్రొఫెషనల్ ఐస్ హాకీ ఆడతానంటోంది. అది నిజంగా ఒక కెరీర్ అవుతుందా?

సెయింట్‌పాల్_అమ్మ:

అందరికీ నమస్కారం. మేముండేది మిన్నెసోటాలో. మా అమ్మాయికి 13 ఏళ్లు, 14యూ (పద్నాలుగేళ్ల లోపు) జట్టులో డిఫెన్స్ ఆడుతుంది. పక్కింటి పిల్లలతో పాటు స్కేట్లు కట్టుకుని మంచు మీదకి పోయింది, ఇక దిగలేదు. మేమేం నేర్పలేదు. నాకైతే ఆఫ్‌సైడ్ ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు, పక్కనున్నవాళ్లు అరిస్తే నేనూ అరుస్తా.

2024లో మా మిన్నెసోటా ఫ్రాస్ట్ జట్టు, ఆడవాళ్ల ప్రొఫెషనల్ హాకీ లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్‌లో ఇచ్చే వాల్టర్ కప్ గెలిచింది, 2025లో మళ్లీ గెలిచింది. అప్పట్నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. ఆ జట్టులో ఆడే టేలర్ హైజ్ పోస్టర్ గోడకెక్కింది. "నేను పీడబ్ల్యూహెచ్ఎల్‌లో ఆడతా" అని తేల్చేసింది. "జీతం ఎంతిస్తారు? ముప్పై దాటాక ఏం చేస్తావు?" అని వాళ్ల నాన్న అడిగితే తలుపు వేసుకుని కూర్చుంది. ఆయన అడిగింది తప్పు కాదు, దానికి జవాబు నాకూ తెలియదు.

ఇప్పుడు కోచ్ వేసవిలో ఊళ్లు తిరిగి ఆడే ఇంకో ట్రావెల్ జట్టులో కూడా చేర్చమంటున్నాడు. ఖర్చు గట్టిగానే ఉంది. అసలు ఈ లీగ్‌లో ఎంతమంది ఆడతారు, ఎంతొస్తుంది, ఎన్నాళ్లు ఆడగలరు, దగ్గర్నుంచి చూసినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టర్ చదివించమనే సలహా మా అత్తగారు ఆల్రెడీ ఇచ్చేశారు, అది మాత్రం వద్దు.

లెక్కల_మాస్టారు:

హాబీగా ఉంచండి మేడమ్. కనీస జీతం 35 వేల డాలర్లట. అంత కష్టపడి, పళ్లూడగొట్టుకుని, ఆ జీతానికా? కోడింగ్ నేర్పించండి.

రింక్_నాన్న:

అమ్మా, పైన మాస్టారు చెప్పిన 35 వేలు నిజమే గానీ అది సగం మాట. మిగతా సగం నేను చెప్తాను. మా అమ్మాయి కూడా డిఫెన్సే. కాలేజీలో నాలుగేళ్లూ డివిజన్ వన్, అంటే కాలేజీ ఆటలో పై స్థాయి, ఆడింది, లీగ్ గుమ్మం దాకా వెళ్లింది, లోపలికి పోలేదు. కాబట్టి నా మాటల్లో కొంచెం చేదు ఉంటే సర్దుకుని చదవండి.

ముందు జీతం. లీగ్‌కీ ఆటగాళ్ల యూనియన్‌కీ ఒప్పందం ఉంది, 2031 దాకా. మొదటి సీజన్‌లో, అంటే 2024లో, కనీసం 35 వేలు. అది ఏటా 3 శాతం పెరుగుతుంది. ప్రతి జట్టులో కనీసం ఆరుగురికి 80 వేలు తగ్గకుండా ఇవ్వాలి, జట్టు మొత్తం మీద సగటు 55 వేలు ఉండాలి. దీనికి తోడు ఇన్సూరెన్స్, ఇంటి అద్దెకి సాయం. హిల్లరీ నైట్, పూలాన్ లాంటి స్టార్లకి ప్రకటనల డబ్బు, జాతీయ జట్టు డబ్బు వేరే. మీ అమ్మాయి గోడ మీదున్న హైజ్ 2023 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, అందరికన్నా ముందు పిలిచిన పేరు, ఆవిడ లెక్క వేరు. డిఫెన్స్ జోడీల్లో చివరిదైన మూడో జోడీలో ఆడే పిల్లది టీచర్ జీతం అనుకోండి. బతకొచ్చు. ఇల్లు కొనలేరు.

అసలు టెన్షన్ జీతం కాదు, కుర్చీలు. జట్టుకి 23 మంది. 2025-26 సీజన్‌లో కొత్తగా వచ్చిన సియాటెల్, వాంకూవర్ కలిసి ఎనిమిది జట్లు. గుణించుకోండి, 184. అందులోనే కెనడా, అమెరికా, ఫిన్లాండ్, స్వీడన్, చెక్ ఒలింపిక్ జట్ల వాళ్లూ ఉన్నారు. ఏటా కాలేజీల నుంచి బయటికొచ్చే సీనియర్లు కొన్ని వందల మంది. మా అమ్మాయి వెళ్లిన 2024 డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు, ఆరు జట్లు, మొత్తం 42 పేర్లు. ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఐదో రౌండ్ దాటాక అది ఫోన్ బోర్లా పెట్టేసి, కుక్కని తిప్పుకొస్తానని వెళ్లిపోయింది.

డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే అంతా అయిపోయినట్టు కాదు, ఎంపిక కోసం క్యాంప్‌కి పిలుస్తారు. దాన్నీ ఒక జట్టు పిలిచింది. క్యాంప్‌లో ఏం చూస్తారో చెప్తాను, మీ అమ్మాయికీ పనికొస్తుంది. వేగం అక్కడ అందరికీ ఉంటుంది. వాళ్లు చూసేది, గోల్ వెనక మూలకి పోయిన పక్ (ఆడే రబ్బరు బిళ్ల) కోసం వెళ్లేటప్పుడు పక్ ముట్టుకోకముందే నువ్వు ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూశావు అన్నది. ఎవరొస్తున్నారు, ఎటు నుంచి, మనవాళ్లు ఎక్కడున్నారు. కాలేజీలో ఒక్కసారి చూస్తే సరిపోయేది. ఇక్కడ రెండుసార్లు చూడనివాళ్లు గోడకి అతుక్కుపోతారు, పక్ పోతుంది. షిఫ్ట్, అంటే ఒకసారి దిగితే మంచు మీద ఉండేది, నలభై, నలభై ఐదు సెకన్లే, అందులో ఇలాంటి నిర్ణయం ఒకటి తప్పితే వీడియోలో మళ్లీ మళ్లీ వేసి చూపిస్తారు. మా అమ్మాయి రెండో చూపులో ఆలస్యం. అదొక్కటే తేడా అని జట్టువాళ్లు కూడా మొహమాటం లేకుండా చెప్పారు, ఆ మర్యాద నాకు నచ్చింది.

చివర్లో రిజర్వ్‌గా ఉండమన్నారు. రిజర్వ్ అంటే రోజూ జట్టుతో ప్రాక్టీస్ చేస్తావు, ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప మ్యాచ్‌లో దిగవు. నేను ఉండమన్నాను. అది వినలేదు, ఆడకపోతే బాగుపడనని స్వీడన్ వెళ్లింది. అక్కడి ఎస్‌డీహెచ్ఎల్ లీగ్‌లో డబ్బు తక్కువ. క్లబ్బు ఒక అపార్ట్‌మెంట్ ఇచ్చింది, ఫిన్లాండ్ గోల్‌కీపర్‌తో కలిసి ఉండాలి. ఉత్తరాన ఊరు, డిసెంబర్‌లో మధ్యాహ్నం రెండింటికే చీకటి. మ్యాచ్‌కి గంటలకి గంటలు బస్సు. తోటి ఆటగాళ్లలో ఒకమ్మాయి నర్సు, నైట్ డ్యూటీ దిగి నేరుగా ప్రాక్టీస్‌కి వచ్చేదట. కానీ అక్కడ రోజూ మ్యాచ్‌లో ఇరవై నిమిషాల పైనే మంచు మీద ఉంది. ఆ వసంతంలో ఇంటికొచ్చినప్పుడు నేనే గుర్తుపట్టాను, తల ఎత్తి ఆడుతోంది, వెనక్కి రెండుసార్లు చూస్తోంది.

మళ్లీ ఎందుకు ప్రయత్నించలేదని అడుగుతారు. భుజం. కొన్నాళ్లు చూసుకుని, కాలేజీలో చదివిన అకౌంటింగ్‌లో చేరింది. సాయంత్రాలు 12యూ పిల్లలకి కోచింగ్. బాధ లేదా అంటే ఉంది. డ్రాఫ్ట్ రోజున మాత్రం ఇప్పటికీ ఇంట్లో టీవీ పెట్టదు.

ఒక్కటి మాత్రం మాస్టారితో గట్టిగా విభేదిస్తాను. హాకీ వల్ల దాని చదువులో చాలా భాగం స్కాలర్‌షిప్ మీద అయిపోయింది. మేం కట్టిన స్టిక్కుల ఖర్చు, హోటళ్ల ఖర్చు, పెట్రోలు కలిపి చూసుకున్నా మేం నష్టపోలేదు. అయితే అందరికీ అలా దొరకదు. ఐవీ లీగ్ కాలేజీలు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు, డివిజన్ త్రీలో అసలు ఉండదు. అక్కడ అడ్మిషన్‌కి సాయపడుతుందేమో గానీ ఫీజు మీదే. ఇది ముందే తెలుసుకుని దిగండి.

టొరంటో_అక్క:

రింక్ నాన్న గారూ, మీ అమ్మాయి గురించి చదువుతుంటే కళ్లు చెమర్చాయి. నేను ఆడలేదు, కెనడాలో ఆడవాళ్ల పాత లీగ్ సీడబ్ల్యూహెచ్ఎల్ రోజుల నుంచి చూస్తున్న దాన్ని. 35 వేలు అని తీసిపారేసేవాళ్లకి ఆ రోజులు గుర్తుచేయాలి.

ఆ లీగ్ 2007లో మొదలైంది. పదేళ్ల పాటు ఆటగాళ్లకి జీతమే లేదు. ఒలింపిక్ స్వర్ణం మెడలో వేసుకున్నవాళ్లు పొద్దున ఆఫీసుకెళ్లి రాత్రి ప్రాక్టీస్‌కి వచ్చేవారు. 2017 నుంచి ఇచ్చారు, సీజన్‌కి 2 వేల నుంచి 10 వేల కెనడియన్ డాలర్లు. 2019 మే 1న లీగే మూతపడింది. అమెరికాలో 2015లో పుట్టిన లీగ్ మొదట 10 వేల నుంచి 26 వేల దాకా అంది, రెండో ఏడాదే కోత పెట్టింది. 2019లో ఆ కెనడా లీగ్ మూతపడ్డాక దాదాపు 200 మంది ఆటగాళ్లు, సరైన లీగ్ వచ్చేదాకా ఉత్తర అమెరికాలో ఏ లీగ్‌లోనూ ఆడమని కూర్చున్నారు. ఆ మొండిపట్టు వల్లే ఇవాళ ఈ ఒప్పందం. 2017లో అమెరికా జాతీయ జట్టు కూడా, సొంతగడ్డ మీద ప్రపంచ చాంపియన్‌షిప్‌కి వస్తే గిస్తే ఒప్పందంతోనే వస్తామని భీష్మించి సాధించుకుంది.

2024 జనవరి 1న ఇక్కడ టొరంటోలో మొదటి మ్యాచ్. న్యూయార్క్ 4-0తో మమ్మల్ని ఉతికేసింది, అది వేరే సంగతి. అదే ఏప్రిల్‌లో మాంట్రియల్ బెల్ సెంటర్‌లో 21,105 మంది కూర్చుని ఆడవాళ్ల మ్యాచ్ చూశారు. పాత లీగ్ స్టాండ్లలో ఆటగాళ్ల అమ్మానాన్నల్ని పేరు పేరునా పలకరించగలిగిన దాన్ని నేను. ఆ తేడా నాకు తెలుసు.

ఎన్నాళ్లు ఆడతారు అన్నదానికి: పిల్లలు పుట్టాక కూడా ఆడుతున్నారండీ. కెండల్ కోయ్న్ స్కోఫీల్డ్ 2023 జులైలో బిడ్డని కని, ఆ వెంటనే వచ్చిన సీజన్‌లో మీ మిన్నెసోటా కెప్టెన్‌గా కప్పు ఎత్తింది. మా నటాలీ స్పూనర్ తల్లయ్యాక 24 మ్యాచ్‌ల్లో 20 గోల్స్ కొట్టి ఆ ఏడాది బెస్ట్ ప్లేయర్ అయింది. తర్వాత ప్లేఆఫ్స్‌లో మోకాలు పోయింది, అదీ ఉంది.

మీ అత్తగారికి ఒక్క మాట చెప్పండి. హేలీ వికెన్‌హైజర్ నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి, రిటైరయ్యాక మెడిసిన్ చదివి 2021లో డాక్టర్ అయింది, 2022లో మగవాళ్ల లీగ్ జట్టు మేపుల్ లీఫ్స్‌కి అసిస్టెంట్ జనరల్ మేనేజర్ కూడా అయింది. క్లేర్ థాంప్సన్ న్యూయార్క్‌లో మెడిసిన్ చదువుతూ సెలవు పెట్టి వచ్చి మీ ఫ్రాస్ట్‌కి 2025 కప్పు గెలిపించింది. లీగ్ కొత్త జట్లని చేర్చుకున్నప్పుడు ఆవిడని వాంకూవర్ పట్టుకుపోయింది. ఇది కూడా ఈ ఉద్యోగంలో భాగమే మరి, కొత్త జట్టు వస్తే నిన్నటి దాకా ఉన్న ఊరు మారిపోతుంది.

సెయింట్‌పాల్_అమ్మ:

ఇద్దరికీ చాలా థాంక్స్. మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. 184 అన్న దగ్గర "చూశావా" అన్నారు, స్కాలర్‌షిప్ దగ్గర నేను "చూశారా" అన్నాను. అత్తగారు థాంప్సన్ ఫోటో చూపించమన్నారు!

ఇంకో రెండు అడగనా? ఒకటి, ఇప్పుడు మా అమ్మాయి లెవెల్లో బాడీ చెకింగ్, అంటే ఎదుటివాళ్లని శరీరంతో గుద్ది ఆపడం, లేదు. పైన ఉంటుందా? రెండు, ఆ వేసవి జట్టు సంగతి. ఇప్పుడు చేర్చకపోతే కాలేజీ కోచ్‌ల కంట్లో పడదని భయపెడుతున్నారు.

రింక్_నాన్న:

చెకింగ్ పైన ఉంటుందమ్మా. కాలేజీలో రూల్ ప్రకారం లేకపోయినా గోడ దగ్గర తోపులాట ఉంటుంది. పీడబ్ల్యూహెచ్ఎల్‌లో పక్ కోసం పోటీ పడుతున్నప్పుడు శరీరంతో గుద్దుకోవడం బాగానే అనుమతిస్తారు. స్వీడన్‌లో 2022 నుంచి చెకింగే పెట్టారు, మా దాని భుజం అక్కడే పోయింది. ఇప్పట్నుంచీ దెబ్బ ఎలా కాచుకోవాలో నేర్పించే కోచ్ ఉంటే మంచిది. మోకాళ్లు వంచి, గోడకి ఒక భుజం ఆనించి, తల పైకి. తల దించుకుని గోడ వైపు తిరగడం మాత్రం ఇప్పుడే మాన్పించండి.

భయపెడుతున్నవాళ్ల సంగతి. డివిజన్ వన్ మహిళల హాకీలో కోచ్‌లు పదో తరగతి పూర్తయ్యాక వచ్చే జూన్ 15 దాకా పిల్లలతో రిక్రూటింగ్ మాట మాట్లాడకూడదు. మీ అమ్మాయికి ఇంకా చాలా టైముంది. 13 ఏళ్ల పిల్లని చూపించడానికి అంత డబ్బు పోయాలంటే నాకు చేతులు రావు. ఆ వేసవి జట్టులో ఆడాలని అదే పట్టుబడితే చేర్చండి, స్నేహితులున్నారనో సరదా అనో. కోచ్ చెప్పాడని మాత్రం వద్దు. అదే డబ్బుతో వారానికోసారి స్కేటింగ్ కోచ్ దగ్గరికి పంపితే డిఫెన్స్ ఆడేదానికి వెనక్కి స్కేటింగ్, మలుపులు కుదురుతాయి, అది ఏ జట్టుకెళ్లినా పనికొస్తుంది. మిన్నెసోటాలో హైస్కూల్ హాకీయే గట్టిది, కాలేజీ కోచ్‌లు అక్కడికి వాళ్లంతట వాళ్లే వస్తారు.

సెప్టెంబర్‌లో ట్రయౌట్స్‌కి ముందు స్కేట్ల సైజు చూడండి, ఈ వయసులో ఒక్క వేసవిలోనే పాదం పెరుగుతుంది. స్కేట్ బ్లేడుకి సాన మరీ లోతుగా పట్టించొద్దు, వెనక్కి స్కేట్ చేసేటప్పుడు అంచు పట్టేస్తుంది. ఇంకేమన్నా ఉంటే ఇక్కడే అడగండి, రాత్రి పదింటి తర్వాత చూస్తా, అప్పటిదాకా 12యూ ప్రాక్టీస్‌లో తలుపు తీసే డ్యూటీ నాది.